హెచ్‌ఐవీతో ఉంటూ మందు తాగేవారు, మతిమరుపు మొదలైతే సెక్స్‌లో జాగ్రత్త తప్పకుండా ఉండటం ఎలా?

తెలుగులో ఒక చిక్కుంది. జబ్బుకు వేసుకునేదీ మందే, సాయంత్రం గ్లాసులో పోసుకునేదీ మందే. గందరగోళం లేకుండా ఇక్కడ మొదటిదాన్ని మాత్ర అంటాను, రెండోదాన్ని మందు అనే అంటాను.

హెచ్‌ఐవీ ఒంట్లోకి వచ్చిన తొలి వారాల్లోనే మెదడును చేరుతుంది. మాత్రలు సక్రమంగా వేసుకునేవాళ్లలో కూడా కొందరికి ఆలోచన నెమ్మదించడం, చిన్నచిన్న మరుపులు కనిపిస్తాయి. మందు పోయి పోయి ముందుచూపు, నిగ్రహం చూసుకునే మెదడు ముందు భాగం మీదే పడుతుంది. రెండూ తోడైతే దెబ్బతినేవాటిలో ఒకటి ‘తర్వాత ఫలానా పని చేయాలి’ అన్న గుర్తు. కండోమ్ ఎందుకు వాడాలో అడగండి, గడగడా చెప్పేస్తారు. ఆ నిమిషానికి మాత్రం అది తట్టదు. అందుకే ‘జాగ్రత్తగా ఉండు’ అన్న సలహా ఇక్కడ పెద్దగా పనిచేయదు. రాత్రికి కావాల్సినవన్నీ తాగకముందే సర్దేసుకోవాలి.

1. మరుపును కాగితం మీద పెట్టండి

ఒక వారం రాసుకోండి: మాత్ర ఎన్నిసార్లు తప్పింది, చెప్పిన మాటే ఎన్నిసార్లు మళ్లీ చెప్పారు, ఏ రాత్రి సంగతి పొద్దున గుర్తులేదు. ఆ కాగితం, ఎంత తాగుతున్నారన్న నిజం, రెండూ డాక్టరు ముందు పెట్టండి. మరుపంతా హెచ్‌ఐవీ వల్లేనని అనుకోవద్దు. డిప్రెషన్, నిద్రలేమి, థైరాయిడ్, బి12 లోపం, తాగేవాళ్లలో బి1 లోపం కూడా మతిమరుపు తెస్తాయి. వీటికి చికిత్స ఉంది.

2. మాత్రను మందుకు దూరంగా జరపండి

నన్నడిగితే అన్నిటికంటే పెద్ద రక్షణ ఇదే. మాత్రలు తప్పకుండా వేసుకుని వైరల్ లోడ్‌ను, అంటే రక్తంలో వైరస్ లెక్కను, మిల్లీలీటరుకు 200 లోపే నిలుపుకుంటున్న వ్యక్తి నుంచి సెక్స్ ద్వారా హెచ్‌ఐవీ సోకదు. 2019లో వెలువడిన పార్ట్‌నర్-2 అధ్యయనంలో, ఒకరికి వైరస్ ఉండి మరొకరికి లేని దాదాపు 780 పురుష జంటలను గమనించారు. కండోమ్ లేకుండా సుమారు 76 వేల సార్లు కలిసినా, చికిత్సలో ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు. అయితే ఈ రక్షణ మాత్ర తప్పనంతవరకే.

కాబట్టి రాత్రి మాత్రను పొద్దుటికి మార్చుకోవచ్చా అని డాక్టరును అడగండి. వీలుంటే టూత్‌బ్రష్ పక్కనే పెట్టండి. ఏడు గళ్ల డబ్బా కొనండి. ‘వేసుకున్నానా లేదా’ అని టెన్షన్ పడక్కర్లేదు, గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే. కొన్నిచోట్ల రెండు నెలలకోసారి వేసే ఇంజెక్షన్లు కూడా దొరుకుతున్నాయి, అడిగి చూడండి.

నాకు తెలిసిన ఒకాయన తాగిన రోజు మాత్ర మానేసేవాడు, రెండూ కలిస్తే విషమని. డాక్టరు తగ్గించమన్నది మందును, ఈయన తగ్గించింది మాత్రను! తాగినా సరే మాత్ర మానొద్దు.

3. కండోమ్ చేతికి తగిలేలా ఉంచండి

వైరల్ లోడ్ తగ్గినా గనేరియా, సిఫిలిస్ లాంటి సుఖవ్యాధులు ఆగవు. వాటికి కండోమే అడ్డు. బీరువాలో, బట్టల మడతల కింద దాచింది తాగిన చేతికి దొరకదు. మంచం పక్క, లైటు వేయకుండానే తడిమితే తగిలేచోట మూడు పెట్టండి, పక్కనే నీటి ఆధారిత లూబ్రికెంట్. నూనె, వాజిలైన్ లాంటివి రాస్తే కండోమ్ రబ్బరు (లేటెక్స్) చిరుగుతుంది. ఒకదానిమీద ఒకటి రెండు తొడగొద్దు. ఎక్స్‌పైరీ తేదీ పగలే చూసేయండి. కవరును పళ్లతో చింపకుండా అంచు దగ్గర వేళ్లతో చింపడం ఒకటి రెండుసార్లు తాగని రోజున చేసి చూడండి. చేతికి అలవాటైన పని బుర్ర మొద్దుబారినా కొంతవరకు నడుస్తుంది.

4. ఒకే ఒక్క వాక్యం

‘గదిలోకొచ్చి చెప్పులు విప్పగానే కండోమ్ దిండు మీద పెడతాను.’ ఇలా ఒక పనికి ఇంకో పనిని ముడివేసి, రాసి, పైకి చదవండి. అయిదు నియమాలు పెట్టుకుంటే అయిదూ పోతాయి.

5. భాగస్వామితో పగలే మాట్లాడండి

గుర్తుచేసే పని వాళ్లకూ పంచండి. వాళ్లకు హెచ్‌ఐవీ లేకపోతే ముందుజాగ్రత్తగా వాడే ప్రెప్ మాత్రల గురించి డాక్టరును కలవమనండి. ఒప్పుకునే స్పృహ ఇద్దరిలో ఎవరికి లేకపోయినా ఆ రాత్రి సెక్స్ లేదు, అంతే.

6. మందు తగ్గించండి, ఉన్నట్టుండి ఆపకండి

గ్లాసులు లెక్కపెట్టుకోండి, మధ్యమధ్య నీళ్లు తాగండి. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టరు చూస్తుండగానే మానాలి.

7. తప్పిపోయిన రాత్రి తర్వాత

ఏం జరిగిందో గుర్తులేకపోతే కండోమ్ వాడలేదనే లెక్క వేయండి. మీ వైరల్ లోడ్ అదుపులో లేకపోయినా, ఎంతుందో తెలియకపోయినా భాగస్వామిని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సోకకుండా ఇచ్చే పెప్ మాత్రలు 72 గంటల్లోపే మొదలెట్టాలి, ఎంత ముందైతే అంత మేలు, 28 రోజులు వాడాలి. తిట్లు, అలకలు ఆసుపత్రి నుంచి వచ్చాక చూసుకోవచ్చు.