రీకాల్‌కి కారు ఇచ్చే ముందు ఒక్క వీడియో
కారు రీకాల్ పనికి, అంటే లోపం ఉందని కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేసే పనికి, ఇస్తున్నారా? తాళం సర్వీస్ సెంటర్ వాళ్ల చేతిలో పెట్టే ముందు ఇంజిన్ ఆన్ చేసి, డాష్‌బోర్డ్‌ని అర నిమిషం వీడియో తీయండి. వార్నింగ్ లైట్లేవీ వెలగట్లేదని, కిలోమీటర్ల రీడింగ్ ఎంతుందో అందులో కనబడాలి. రేపు ఏదైనా తేడా వస్తే "ఇది ముందు నుంచీ ఉన్నదేనండీ, మా పనికి సంబంధం లేదు" అంటారు. ఆ మాటకి ఇదే జవాబు. నా దగ్గర ఆ వీడియో లేకే రెండు వారాలు వాళ్ల చుట్టూ తిరిగాను.

కొత్త శబ్దం వినిపిస్తే ఆ రోజే చెప్పండి, ఫోన్‌లో కాదు, మెయిల్‌లో. జాబ్ కార్డులో (మీ ఫిర్యాదు, చేసే పని రాసే కాగితం) "శబ్దం వస్తోందట" అని గీకి వదిలేస్తారు, ఒప్పుకోకండి. "పొద్దున మొదటిసారి తీసినప్పుడు, బ్రేక్ తొక్కగానే, ఎడమ ముందు చక్రం దగ్గర టక్‌మంటోంది" అని మీ మాటల్లోనే రాయించండి. ఫోర్‌మన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి వినిపిస్తే ఇంకా మేలు.

కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెడితే, అందులో కనబడే ఫాల్ట్ కోడ్ (లోపాన్ని సూచించే కోడ్) చెరిపేయకముందే స్క్రీన్ ఫొటో తీసుకోండి. కోడ్ చెరిపితే దాంతో పాటు నమోదైన అప్పటి వేగం, ఇంజిన్ వేడి లాంటి వివరాలూ పోతాయి.

ఈ కొత్త లోపం బాగుచేయడానికి డబ్బులడిగితే మాత్రం, రీకాల్‌లో ఏయే భాగాలు విప్పారో రాసివ్వమనండి. లోపం ఆ విప్పిన చోటే తేలితే వాళ్ల మాట మారుతుంది. అప్పటికీ వినకపోతే 17 అక్షరాల ఛాసిస్ నంబర్, జాబ్ కార్డు కాపీ జతచేసి నేరుగా తయారీ కంపెనీకే రాయండి.