బొమ్మలు మానేసి ఏళ్ళయిందా? కొత్త కలర్స్ కొనేముందు నలుగురు ఆర్టిస్టుల్ని పట్టుకోండి

పెళ్ళో, పిల్లలో, ఐటీ ఉద్యోగమో, కారణం ఏదైనా గానీ కొన్నేళ్ళు బ్రష్ పక్కన పెట్టేసినవాళ్ళు మళ్ళీ మొదలెడదాం అనుకోగానే చేసే మొదటి పని కొత్త కలర్స్ కొనడం, రెండోది ఇన్‌స్టాలో కొత్త అకౌంట్ తెరవడం. తప్పేం లేదు. కానీ రెండూ ఇంట్లో ఒక్కళ్ళే కూర్చుని చేసే పనులు, నెల తిరిగేసరికి లైకులు రావట్లేదని మళ్ళీ నీరసం వచ్చేస్తుంది. నిజానికి పని తిరిగి దొరికేది ఎక్కువగా మనతో పాటు బొమ్మలేసేవాళ్ళ దగ్గర్నుంచే. పిల్లల పుస్తకానికి బొమ్మలు కావాలని ఎవరో అడుగుతారు, అడిగించుకున్న ఆర్టిస్టుకి ఖాళీ ఉండదు, "నాకు కుదరదండీ, ఫలానా ఆవిడ బాగా వేస్తుంది, అడిగి చూడండి" అంటారు. ఆ క్షణంలో వాళ్ళకి మీ పేరు గుర్తు రావాలి, అంతే సంగతి. హైదరాబాద్‌ని దృష్టిలో పెట్టుకుని చెప్తున్నా, మిగతా ఊళ్ళవాళ్ళు పేర్లు మార్చుకుని చదువుకోండి.

ముందు పాత పరిచయాలు కదపండి. మీతో పాటు బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చేసినవాళ్ళు, నేర్పిన సారు, ఒకప్పుడు మీకు ఫ్రేములు కట్టిచ్చిన ఆయన (ఈయన్ని తేలిగ్గా తీసుకోకండి, ఊళ్ళో ఎవరు షో పెట్టబోతున్నారో అందరికంటే ముందు తెలిసేది ఈయనకే). మెసేజ్ ఎలా పెట్టాలన్నదే అసలు విషయం. "హాయ్, ఎలా ఉన్నావ్, ఏమైనా వర్క్ ఉంటే చెప్పు" అని మాత్రం పెట్టకండి, ఏళ్ళ తర్వాత పలకరించి పని అడిగితే ఎవరికైనా ఇబ్బందే. దాని బదులు నిన్న వేసిన బొమ్మ ఒకటి ఫోటో తీసి, "అన్నా, మళ్ళీ వాటర్ కలర్ మొదలెట్టా. ఆకులన్నీ ముద్దయిపోతున్నాయి, నువ్వు తడి మీదే వేస్తావా, ఆరాక వేస్తావా?" అని పెట్టండి. రెండు నిమిషాల్లో జవాబు చెప్పగలిగే ప్రశ్న, పైగా మీరు మళ్ళీ పని చేస్తున్నారని కూడా తెలిసిపోయింది. ఆర్టిస్టుల్ని టెక్నిక్ అడిగితే ఆపకుండా చెప్తారు, అది మనందరికీ ఉన్న జబ్బే.

తర్వాత బయటికెళ్ళి వెయ్యడం. అర్బన్ స్కెచర్స్ అని సియాటిల్‌లో ఉండే గాబ్రియేల్ కాంపనారియో అనే జర్నలిస్ట్ 2007లో మొదలెట్టిన గ్రూపు, ఇప్పుడు ప్రపంచమంతా ఉంది, హైదరాబాద్‌లోనూ ఉంది. ఫీజూ గీజూ లేదు, చెప్పిన టైంకి చార్మినార్ దగ్గరికో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికో వెళ్ళి కూర్చుని వెయ్యడమే. ఎ5 సైజు స్కెచ్‌బుక్, రెండు పెన్నులు, వాటర్ బ్రష్ (పిడిలోనే నీళ్ళు నింపుకునేది), మడత స్టూలు, టోపీ, నీళ్ళ బాటిల్ చాలు, ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) మోసుకెళ్ళకండి. ఒకసారి మదీనా సెంటర్ దగ్గర ఒక పెద్దాయన మిగిలిన చాయ్‌లో బ్రష్ ముంచి పాత గోడలకి రంగు వేస్తుంటే చూశా, సున్నం రాలిన గోడ మీద ఉండే ఆ మరక రంగు అచ్చం దిగిపోయింది, చుట్టూ ఒక్కొక్కళ్ళే చేరి ఆయన కప్పులోనే తలా ఒక బ్రష్ ముంచారు. పరిచయాలయ్యేది ఇలాగే, విజిటింగ్ కార్డులిచ్చి కాదు. చివర్లో అందరి స్కెచ్‌బుక్‌లూ నేల మీద వరసగా పరిచి చూసుకుంటారు, చాలామంది కొత్తవాళ్ళు సిగ్గుపడి అప్పటికే జారుకుంటారు. మీరు జారుకోవద్దు, ఎంత చెత్తగా వచ్చినా సరే పెట్టండి, ఎందుకంటే మీ ముఖానికీ మీ బొమ్మకీ జనం లంకె వేసుకునేది అక్కడే.

గ్యాలరీల విషయానికొస్తే మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది, బంజారాహిల్స్‌లో కళాకృతి ఉంది. అందరూ ఓపెనింగ్ సాయంత్రమే పోతారు, ఆ రోజు ఎవరూ బొమ్మలు చూడరు, సెల్ఫీలూ సమోసాలూ బొకేలే. మామూలు రోజు మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి. అంత పెద్ద హాల్లో ఆర్టిస్ట్ ఒక్కడే కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటాడు, ఎవరైనా వచ్చి తన పని గురించి అడిగితే బావుణ్ణు అనుకుంటూ ఉంటాడు. నిదానంగా అన్నీ చూసి, ఒక్క బొమ్మ దగ్గర ఆగి దాని గురించే అడగండి, "అన్నీ బావున్నాయండీ" అన్నమాట ఆయన పొద్దుట్నుంచీ వింటూనే ఉన్నాడు.

ఇక అడగడం కంటే ముందు ఇవ్వడం. ఎవరిదో షో ఉందంటే ముందురోజు బొమ్మలు తగిలించడానికి వెళ్ళండి, లెవెల్ చూసి మేకులు కొట్టేటప్పుడు అయ్యే స్నేహం ఇంకెక్కడా అవ్వదు. ఇంకోటి, వాటర్ కలర్‌కి వాడే కాటన్ పేపర్ ఖరీదు కదా, 22 బై 30 అంగుళాల ఫుల్ షీట్లు కలిసి తెప్పించుకుని నాలుగేసి ముక్కలు చేసుకుంటే ఒక్కోటి 11 బై 15 వస్తుంది, నలుగురు కలిస్తే ఖర్చూ తగ్గుతుంది, పంచుకునే వంకతో ఒకసారి కలిసినట్టూ అవుతుంది.

అలా తిరగ్గా తిరగ్గా మీకు సరిపడే నలుగురైదుగురు తేలతారు. వాళ్ళతో పదిహేను రోజులకోసారి కూర్చోండి, ఇంట్లో కుదరకపోతే బంజారాహిల్స్‌లో కళా కార్యక్రమాలు జరిగే లామకాన్ లాంటి చోట చాయ్ తాగుతూ. రూల్ ఒక్కటే పెట్టుకోండి, ప్రతివాళ్ళూ పూర్తికాని పని ఒకటి తేవాలి. పూర్తయినవి తెస్తే పొగడ్తలతో సరిపోతుంది, సగంలో ఉన్నదైతేనే "ఈ మూల ఖాళీగా వదిలెయ్" అని ఎవరైనా చెప్పగలరు. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగులూ ఫార్వర్డులూ మొదలైతే మొహమాటపడకుండా ఆపండి.

ఆర్టిస్టులు ఇలా ఒకళ్ళకొకళ్ళు తోడవ్వడం మన దగ్గర కొత్తేం కాదు. మద్రాసు దగ్గర 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ ఆధ్వర్యంలో ఆర్టిస్టులు చోళమండలం అని తమకో ఊరే కట్టుకున్నారు, బొమ్మలు అమ్ముడుపోక బాటిక్ (మైనంతో బట్ట మీద వేసే అద్దకం) లాంటి చేతిపనులు కలిసి చేసి అమ్మి ఆ డబ్బుల్తో నిలదొక్కుకున్నారు. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో 28 ఏళ్ళు నిండకుండానే పోయాడు, ఆయన మొదలెట్టిన చిత్రకళా పాఠశాలని ఆగిపోకుండా నడిపింది స్నేహితుడు వరదా వెంకటరత్నం. అటెళ్తే దామెర్ల ఆర్ట్ గ్యాలరీ చూసి రండి, ఒక్కడి ప్రతిభ చుట్టూ ఎంతమంది పనిచేశారో తెలుస్తుంది.

డబ్బుల దగ్గరే స్నేహాలు చెడేది కాబట్టి ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. నలుగురు కలిసి గ్రూప్ షో పెడితే హాలు అద్దె, ఆహ్వానాల ప్రింటింగు, ఆటో ట్రాలీ, టీలు అన్నీ ఒక షీట్‌లో రాసి సమానంగా పంచుకోండి, ఫ్రేములు మాత్రం ఎవరివి వాళ్ళే. ఎవరి బొమ్మ అమ్ముడైతే వాళ్ళ డబ్బు వాళ్ళదేనా, కొంత ఉమ్మడి ఖర్చుకి పోతుందా అన్నది షోకి ముందే తేల్చుకోండి, అమ్ముడయ్యాక తేల్చడం ఎవరి వల్లా కాదు. గ్యాలరీ అయితే మామూలుగా 30 నుంచి 50 శాతం దాకా కమీషన్ తీసుకుంటుంది, బొమ్మ రేటు చెప్పేటప్పుడే అది లెక్కేసుకోండి.

తోటి ఆర్టిస్ట్ ఎవరైనా మీకు పని చెప్పి పంపిస్తే ఆరోజే జవాబివ్వండి, చేస్తారో లేదో. ఒప్పుకుంటే సగం అడ్వాన్స్ తీసుకునే మొదలెట్టండి. కుదరకపోతే ఊరికే వదిలెయ్యకుండా మీ గుంపులో ఇంకొకరి పేరు చెప్పండి. అన్నిటికంటే ముఖ్యం, క్లయింట్ "ఎంత తీసుకుంటారు" అనగానే అంకె చెప్పెయ్యకండి, అప్పటికే మీ ఫ్రెండ్ ఒక రేటు చెప్పి ఉండొచ్చు, మీరు తెలీక దానికి సగం చెప్తే అవతల పరువు పోయేది వాళ్ళది. "రేపు చెప్తానండీ" అని పెట్టేసి ముందు ఫ్రెండ్‌కి ఫోన్ చేసి కనుక్కోండి, కొటేషన్ ఆ తర్వాతే.