క్యాడ్ మొరాయిస్తా ఉందా? విండోస్ కొట్టించే ముందు ఇవి చూడండి

మొన్న రాత్రి పదిన్నరకి కావలి నుంచి ఒకబ్బాయి ఫోన్. "అన్నా, క్యాడ్ నత్త నడక నడస్తా ఉంది, జూమ్ చేస్తే టీ తాగొచ్చినా కదల్లా, రేపు పొద్దున్నే విండోస్ కొట్టించేస్తా" అని. అన్ని ఫైళ్ళూ అట్టనే ఉన్నాయా, ఒకటేనా అని అడిగా. "సర్వే వాళ్ళిచ్చిన ఫైలు ఒక్కటే అన్నా" అన్నాడు. మరి విండోస్ ఏం పాపం చేసింది సామీ?

మా నెల్లూరు, ఒంగోలు వైపు డ్రాఫ్టింగ్ చేసేవాళ్ళలో, అంటే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో ప్లాన్లు గీసేవాళ్ళలో, ఈ అలవాటు బాగా ఉంది, క్యాడ్ రెండుసార్లు హ్యాంగ్ అయితే చాలు సీపీయూ బండి మీద పెట్టుకుని రిపేరు షాపుకి పోతారు, వాడు మొత్తం తుడిచేసి మళ్ళీ ఎక్కిస్తాడు, ఇంటికొచ్చి అదే ఫైలు ఓపెన్ చేస్తారు, మళ్ళీ అదే హ్యాంగ్. నేను చూసినంత వరకు సగానికి పైగా కేసుల్లో రోగం కంప్యూటర్లో లేదు, ఎవరో పంపిన ఫైల్లో ఉంది. అందుకే ఏ సమస్య వచ్చినా ఫస్టు ఒక పని చెయ్యండి: కొత్త ఖాళీ డ్రాయింగ్ తెరిచి అందులో నాలుగు లైన్లు, ఒక సర్కిల్, ఒక హ్యాచ్ (గళ్ళతో, గీతలతో నింపేది) వేసి చూడండి. అందులో బాగా నడిస్తే తప్పు ఫైలుది. అందులోనూ అదే గోలైతే సెట్టింగో, మెషినో. ఇంత తేల్చుకున్నాక కిందవి చదవండి. కమాండ్ల పేర్లు పలికే తీరులో తెలుగులోనే రాశా, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో గ్యాప్ లేకుండా కొట్టండి.

సర్కిల్ వంకరగా, హ్యాచ్ రాకుండా, టెక్స్ట్ వణుకుతా ఉంటే

ఇది సర్వే ఫైళ్ళలో వచ్చే గోల. టోటల్ స్టేషన్, డీజీపీఎస్ లాంటి సర్వే మెషిన్లతో కొలిచేవాళ్ళు ఇచ్చే డ్రాయింగ్ యూటీఎం కోఆర్డినేట్లలో ఉంటుంది, అంటే భూమిని జోన్లుగా విడగొట్టి ఒక్కో పాయింట్‌ని తూర్పుకెంత (ఈస్టింగ్), ఉత్తరానికెంత (నార్తింగ్) అని మీటర్లలో చెప్పే పద్ధతి. మన నెల్లూరు 44వ నార్త్ జోన్‌లో పడుతుంది, టౌన్‌లో ఒక పాయింట్ తీసుకుంటే ఈస్టింగ్ 3 లక్షల 90 వేల చిల్లర, నార్తింగ్ దాదాపు 16 లక్షల మీటర్లు. అంటే మీ అరవై అంకణాల ప్లాటు జీరో పాయింట్ నుంచి పదహారు వందల కిలోమీటర్ల దూరంలో కూర్చుని ఉంది. దాన్ని ఎవరో పుణ్యాత్ముడు మిల్లీమీటర్లలోకి స్కేల్ చేసిచ్చాడనుకోండి, నార్తింగ్ 160 కోట్లకి పోతుంది. క్యాడ్ లోపల ఒక అంకెకి పదిహేను పదహారు స్థానాల వరకే పట్టుకోగలదు, స్క్రీన్ మీద చూపించేటప్పుడు అంతకంటే తక్కువే, ముందున్న పెద్ద అంకెలకే ఆ స్థానాలన్నీ అయిపోతే చివర్లో ఉండే మిల్లీమీటర్లకి చోటెక్కడిది? అందుకే గీతలు వణుకుతాయి, హ్యాచ్ రానని మొండికేస్తుంది.

ఏం చెయ్యాలంటే, సర్వే ఫైలు ఒరిజినల్ జోలికి పోవద్దు. కాపీ తీసుకుని అందులో ఒక సరిహద్దు రాయి పట్టుకుని మూవ్ కొట్టి 0,0 కి తెచ్చుకోండి, ఆ రాయి అసలు ఈస్టింగ్, నార్తింగ్ ఎంతో డ్రాయింగ్‌లోనే ఒక పక్కన టెక్స్ట్‌గా రాసిపెట్టుకోండి, రేపు అసలు కోఆర్డినేట్లలో అడిగితే వెనక్కి జరపాలి కదా. కదిపేదానికి వీల్లేదంటే కనీసం హ్యాచ్ కోసం హెచ్‌పీఆరిజిన్ అని కొట్టి ప్లాటు మూల మీద క్లిక్ చెయ్యండి, చాలాసార్లు హ్యాచ్ అప్పుడే వచ్చేస్తుంది.

కొలత తప్పు వస్తే, ఫిల్లెట్ పడకపోతే

ఇది కూడా సర్వే ఫైలు పుణ్యమే, కానీ తొందరగా దొరకదు. ఒకసారి గూడూరు దగ్గర ఒక సైటుది, 12 మీటర్ల గోడ, దూరం కొలిచే డిస్ట్ కమాండ్ కొడితే 22.05 అని చూపిస్తా ఉంది. టేపు పట్టుకున్న మేస్త్రీ 12 అంటాడు, నా స్క్రీన్ 22 అంటుంది, ఇద్దరం ఫోన్లో గంటసేపు కొట్లాడుకున్నాం. తీరా కమాండ్ లైన్లో కింది వరస చదివితే డెల్టా జెడ్ (ఎత్తులో తేడా) 18.5 అని ఉంది. సర్వే పాయింట్లకి లెవెల్ ఉంటుంది కదా, గోడ ఒక చివర ఆ 18.5 లెవెల్ పాయింట్‌కి స్నాప్ అయింది, రెండో చివర నేల మీద జీరోలో ఉంది, పైనుంచి చూస్తే తిన్నగా ఉన్న గీత నిజానికి నిచ్చెనలాగా ఏటవాలుగా లేచి ఉంది. 12 వర్గం, 18.5 వర్గం కలిపి మూలం తీస్తే సరిగ్గా ఆ 22.05.

ఫిల్లెట్ (రెండు గీతల మూల కలపడం) పడకపోవడం, పాలీలైన్ (ఒకే ముక్కగా కలిసిన గీతలు) జాయిన్ కాకపోవడం, బౌండరీ దొరకలేదని మెసేజ్ రావడం, వీటికి కూడా చాలాసార్లు ఇదే కారణం. ఫ్లాటెన్ కమాండ్ ఉంటే అన్నీ సెలెక్ట్ చేసి కొట్టండి, లేకపోతే లైన్లు సెలెక్ట్ చేసుకుని ప్రాపర్టీస్‌లో స్టార్ట్ జెడ్, ఎండ్ జెడ్ రెండూ 0 పెట్టండి. మళ్ళీ రాకుండా ఓస్నాప్‌జెడ్ 1 చేసుకోండి, అప్పుడు స్నాప్ పైపాయింట్ పట్టుకున్నా లెవెల్ మాత్రం తీసుకోదు. కాంటూర్ల పని చేసేటప్పుడు మాత్రం దాన్ని 0 చెయ్యడం మర్చిపోవద్దు, నేను మర్చిపోయి ఒక రోజు పని పోగొట్టుకున్నా.

ఏరియా అంకణాల్లో సరిపోకపోతే

మన వైపు ఓనరు చదరపు మీటర్లు అడగడు, "ఎన్ని అంకణాలు?" అంటాడు. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు. వేరే జిల్లాల్లో 36 అడుగుల అంకణం కూడా ఉంది, బయటి నుంచి వచ్చిన పార్టీ అయితే ముందే అడిగి తెలుసుకోండి. డ్రాయింగ్ మీటర్లలో ఉంటే వచ్చిన ఏరియాని 6.689 తో భాగించాలి, అంగుళాల్లో ఉంటే 10,368 తో, మిల్లీమీటర్లయితే 66 లక్షల 89 వేలతో. యూనిట్ చూసుకోకుండా భాగించి ఆరు అంకణాల స్థలంలో అపార్ట్‌మెంట్ వేసినవాళ్ళు ఉన్నారు.

లెక్క సరిగ్గా చేసినా తేడా వస్తే పాలీలైన్ మూసుకోలేదేమో చూడండి. ఇక్కడ ఒక మోసం ఉంది, తెరిచి ఉన్న పాలీలైన్‌కి కూడా ఏరియా కమాండ్ అంకె చూపించేస్తుంది, చివరి పాయింట్ నుంచి మొదటి పాయింట్‌కి తనే మనసులో గీత గీసుకుని. కాబట్టి అంకె వచ్చింది కదా అని నమ్మొద్దు, ప్రాపర్టీస్‌లో క్లోజ్డ్ ఎదురుగా యెస్ ఉందా నో ఉందా చూడండి. ఆన్‌లైన్ ప్లాన్ అప్రూవల్‌కి పెట్టే డ్రాయింగుల్లో ఇది మరీ ముఖ్యం, లేయర్ల పేర్లు చూసి పాలీలైన్లు చదివే సాఫ్ట్‌వేర్‌కి రెండు మిల్లీమీటర్ల సందు కూడా సందే. పీఎడిట్‌లో మల్టిపుల్ తీసుకుని జాయిన్‌లో ఫజ్ డిస్టెన్స్ చిన్నగా ఇస్తే ఆ సందులు కలిసిపోతాయి.

తలుపు బ్లాక్ పెడితే ఊరంత వస్తే

900 ఉండాల్సిన తలుపు 22,860 వచ్చిందా? భాగించి చూడండి, 25.4 రెట్లు. అంటే బ్లాక్ (ముందే గీసి పెట్టుకున్న రెడీమేడ్ బొమ్మ) గీసింది మిల్లీమీటర్లలోనే, కానీ ఆ ఫైలు యూనిట్స్‌లో అంగుళాలు అని రాసి ఉంది, క్యాడ్ దాన్ని నమ్మి మార్చేసింది. ఇన్స్‌యూనిట్స్ అని కొట్టి చూడండి: 1 అంటే అంగుళం, 2 అడుగు, 4 మిల్లీమీటరు, 6 మీటరు. బ్లాక్ ఫైల్లో ఒకసారి, మీ ఫైల్లో ఒకసారి సరిచేస్తే మళ్ళీ రాదు. ఇది మార్చినంత మాత్రాన ముందే గీసినవి సైజు మారవు, వాటిని స్కేల్ కొట్టుకోవాల్సిందే.

రెండు గదుల ప్లాను 40 ఎంబీ ఉంటే

చేతులు మారిన ఫైలు అది. పది మంది ఆఫీసుల బ్లాకులు, లేయర్లు, స్కేళ్ళు, ఒకదాని మీద ఒకటి నాలుగుసార్లు పడిన గీతలు అన్నీ అందులో చేరి ఉంటాయి. ఆడిట్ కొట్టి తప్పులు సరిచెయ్యమని యెస్ అనండి, తర్వాత వాడనివి తీసేసే పర్జ్, తర్వాత పర్జ్ ముందు మైనస్ గుర్తు పెట్టి కొట్టి ఆర్ ఆప్షన్‌తో రెగ్‌యాప్స్ (వేరే ప్రోగ్రాములు వదిలిపోయిన పేర్లు) తీసెయ్యండి, తర్వాత ఒకదాని మీద ఒకటి పడిన గీతలు తీసేసే ఓవర్‌కిల్. మైక్రోస్టేషన్ అనే ఇంకో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన రోడ్డు డ్రాయింగుల్లో డీజీఎన్ లైన్‌టైపుల చెత్త ఉంటుంది, దాని కోసం కొత్త వెర్షన్లలో పర్జ్ బాక్సులోనే ఆర్ఫన్డ్ డేటా అనే టిక్ ఉంది. అన్నీ చేసినా తగ్గకపోతే పనికొచ్చేది మాత్రం సెలెక్ట్ చేసి డబ్ల్యూబ్లాక్‌తో కొత్త ఫైలుగా రాసుకోండి. కావలి అబ్బాయిది ఇట్టనే చేయించా, పావుగంట పని.

ఫైలు అసలు ఓపెనే కాకపోతే రికవర్ కమాండ్‌తో తెరవండి. ఫైలు కొత్త వెర్షన్‌ది అని మెసేజ్ వస్తే మాత్రం ఫైలు చెడిపోలేదు, అవతలోడి క్యాడ్ కొత్తది, అంతే. 2010 ఫార్మాట్‌లో సేవ్ చేసి పంపమనండి.

కరెంటు పోయి పని పోతే

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, అంతకు ముందు రోజు మా వీధిలో కరెంటు పోయింది, యూపీఎస్ కీ కీ మని రెండు నిమిషాలు అరిచి అది కూడా పోయింది. మధ్యాహ్నం నుంచి ఒక్కసారి కూడా సేవ్ కొట్టలా. ఆటోసేవ్ ఉంటుందిలే అనుకున్నా, తర్వాత చూస్తే సేవ్‌టైమ్ 120 ఉంది, మధ్యమధ్యలో ఆగుతా ఉందని విసుగొచ్చి నేనే పెట్టుకున్నా ఎప్పుడో. మామూలుగా వచ్చేది 10, దాన్ని అట్టనే ఉంచండి.

పోయిన పని దొరకాలంటే డ్రాయింగ్‌రికవరీ అని కొట్టండి, క్యాడ్ సగంలో చచ్చిన ఫైళ్ళ లిస్టు చూపిస్తుంది. అందులో లేకపోతే సేవ్‌ఫైల్‌పాత్ కొడితే ఆటోసేవ్ ఫోల్డర్ ఎక్కడుందో తెలుస్తుంది, అక్కడ ఎస్‌వీ డాలర్ అని చివరున్న ఫైలు ఉంటే ముందు దాన్ని వేరే చోటికి కాపీ చేసి, ఆ తర్వాత పేరు చివర డీడబ్ల్యూజీ అని మార్చి తెరవండి. క్యాడ్‌ని మామూలుగా మూసేస్తే ఆ ఫైలు దానంతటదే తుడుచుకుపోతుంది, అందుకే కాపీ ముందు. అది కూడా లేదంటే అసలు ఫైలు పక్కనే బీఏకే అని ఒకటి ఉంటుంది, అది చివరి సేవ్‌కి ముందు సేవ్ చేసిన రూపం. పేరు మార్చేటప్పుడు విండోస్‌లో ఎక్స్‌టెన్షన్లు కనిపించేట్టు పెట్టుకోండి, లేకపోతే పేరు మారినట్టే ఉంటుంది కానీ మారదు.

ఖాళీ డ్రాయింగ్‌లో కూడా అదే గోలైతే

ఇవి చిన్న చిన్న స్విచ్చులు, ఎప్పుడు మారతాయో మనకే తెలీదు. ఓపెన్ కొడితే బాక్సు రాకుండా కింద కమాండ్ లైన్లో పేరు అడుగుతా ఉంటే ఫైల్‌డయా 1. రెండోది సెలెక్ట్ చేస్తే మొదటిది వదిలేస్తుంటే పిక్‌యాడ్ 2. మిర్రర్ కొడితే అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడితే మిర్‌టెక్స్ట్ 0, స్పెల్లింగ్‌లో ఆర్ రెండుసార్లు. గీసింది స్క్రీన్ మీద ఉండి ప్రింటులో రాకపోతే అది డెఫ్‌పాయింట్స్ లేయర్లో ఉందేమో చూడండి, ఆ లేయర్ ఎప్పటికీ ప్రింటు కాదు.

ప్రతి ఫోల్డర్లో మీరు పెట్టని ఏక్యాడ్‌డాక్ లిస్ప్ ఫైలు (డ్రాయింగ్ తెరవగానే దానంతటదే నడిచే చిన్న ప్రోగ్రాం) కనబడితే అది స్విచ్చు కాదు, వైరస్. పెన్‌డ్రైవుల్లో, జిప్ ఫైళ్ళలో డ్రాయింగ్ పక్కనే దాక్కుని వస్తుంది. క్యాడ్ మూసి, సిస్టమ్ మొత్తం వెతికి మీవి కానివి తీసెయ్యండి, నమ్మిన ఫోల్డర్ల నుంచి తప్ప ఇలాంటివి ఎక్కకుండా సెక్యూర్‌లోడ్ 2 పెట్టండి, ఆఫీసులో మిగతా సిస్టమ్‌లలో కూడా అదే రోజు చెయ్యండి, ఒకటి వదిలితే మళ్ళీ అన్నిట్లోకీ వస్తుంది.

ఇంక మెషిన్ సంగతి. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో డ్రాఫ్టింగ్ చేసే మిత్రుల సీపీయూ ఎప్పుడు విప్పినా లోపల పిండి జల్లినట్టు రాతి దుమ్ము, ఫ్యాన్ తిరగదు, వేడెక్కి ప్రాసెసర్ తన స్పీడు తనే తగ్గించుకుంటుంది. పొద్దున బాగుండి మధ్యాహ్నానికి నెమ్మదించే సిస్టమ్‌కి రామ్ వేయించే ముందు దుమ్ము దులిపించండి. రెండు గ్రాఫిక్స్ ఉన్న లాప్‌టాప్ అయితే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ కింద క్యాడ్‌కి హై పెర్ఫార్మెన్స్ ఇవ్వండి.

తెలుగు అక్షరాలు ప్రశ్న గుర్తులైతే

క్యాడ్ సొంత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లలో తెలుగు లేదు, అందుకే అవి. స్టైల్ కమాండ్‌లో గౌతమి గానీ నిర్మలా గానీ పెట్టండి. ప్రశ్న గుర్తులు కాకుండా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే అవతలి వాళ్ళు అను ఫాంట్‌లో కొట్టారు, ఆ ఫాంటే ఉండాలి, లేదా వాళ్ళనే పీడీఎఫ్ పంపమనండి.

ప్రింటు స్కేలు రాకపోతే

ట్రంకు రోడ్డులో ఒక షాపులో నాకు రెండుసార్లు జరిగింది. నేనిచ్చిన పీడీఎఫ్ ఏ1, 1:100. వాళ్ళ దగ్గర పేపరు అయిపోయి ఏ2 లో ఫిట్ టు పేజ్ పెట్టి తీసిచ్చారు. చూసేదానికి బ్రహ్మాండంగా ఉంది, కానీ స్కేలు 1:141 అయిపోయింది, సైటులో మేస్త్రీ స్కేలు పెట్టి కొలిస్తే మూడు మీటర్ల గది రెండుంపావు కూడా లేదు. అప్పటి నుంచి ప్రతి షీటు కింద 10 మీటర్ల స్కేల్ బార్ ఒకటి గీస్తా. 1:100 లో అది కాగితం మీద సరిగ్గా 10 సెంటీమీటర్లు ఉండాలి, షాపు కౌంటర్ మీదే కొలిచి, తేడా ఉంటే డబ్బులు ఇవ్వకముందే ఫిట్ తీసేసి మళ్ళీ కొట్టమంటా.