లేపాక్షిలో ఒక రోజు: చూసిన చోటును రాయడం ఎలా

యాత్రానుభవం రాయదలచినవారు నాలుగు ఊళ్లు చుట్టి రావడం కంటే ఒక్క చోటనే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉండి చూడటం మేలని నా గట్టి నమ్మకం. అందుకు నేను మొదట సూచించే ఊరు లేపాక్షి. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, కూర్మశైలమనే చిన్న రాతిగుట్ట మీద ఉన్న వీరభద్రాలయాన్ని 16వ శతాబ్దంలో, విజయనగర రాజు అచ్యుతదేవరాయల ఏలుబడిలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. బయలుదేరే ముందు ఈ మాత్రం తెలిస్తే చాలు. అంతా ముందే చదివేసినవారి కళ్లు చదివినదాన్నే వెతుకుతాయి కనుక, మిగిలిన చదువును తిరిగి వచ్చాక పెట్టుకోండి.

గుడి తెరిచే వేళకే చేరుకోండి. వచ్చినవారిలో చాలామంది నేరుగా వేలాడే స్తంభం దగ్గరకు వెళ్లి, దాని కింద తువ్వాలు దూర్చి, ఫొటో తీసుకుని సాగిపోతారు. మీరు దాన్ని చివరికి ఉంచి, ముందుగా మండపం పైకప్పు చిత్రాల కింద కూర్చోండి. శివుడు అర్జునుడికి పాశుపతం ఇచ్చిన కథ, ద్రౌపదీ స్వయంవరం ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు రంగులలో అక్కడ కనిపిస్తాయి. కథను గుర్తుపట్టగానే చూపు తిప్పుకోకుండా బట్టలను గమనించండి: చీరల అంచులలోని గళ్లు, పూలు, పురుషుల తలల మీద నిలువుగా లేచిన పొడవాటి కుళ్లాయిలు. శ్రీనాథుని పేర వినిపించే చాటువులో కర్ణాట రాజుల కొలువుకు వెళ్లేందుకు కవి పెట్టుకున్న కుళ్లాయి ఇటువంటిదే కాబోలునని నాకు ఆ చిత్రాల కిందే తోచింది. అలాంటి తలపు మీకు కలిగిన క్షణంలోనే, వాక్యం కుదరకపోయినా సరే, రాసుకోండి. ఆ గుడిని చూసిన మరెవరి రాతలోనూ అది ఉండదు. ఫ్లాష్ మాత్రం వాడవద్దు. ఆ రంగులు మన తరువాతివారికి కూడా మిగలాలి.

అసంపూర్తిగా ఆగిపోయిన కల్యాణమండపం దగ్గర విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు విసిరాడన్న కథ చెప్పి, ఎర్రటి మరకలు చూపిస్తారు. దాన్ని చెప్పినవారి మాటల్లోనే, వారు చెప్పిన కథగానే రాయండి; చరిత్రతో కలిపితే రెండూ చెడతాయి.

ఏకశిలా బసవన్న దగ్గరకు ఎండ తగ్గాక వెళ్లండి. ‘చాలా పెద్దది’ అని రాయడానికి బదులు, చుట్టూ తిరిగి రావడానికి ఎన్ని అడుగులు పట్టాయో, మెడలోని గంటల పేరు మీ తల కంటే ఎంత ఎత్తున ఉందో రాయండి.

ఆ రాత్రే అన్నీ వరుసగా రాసిపెట్టుకోవడం తప్పనిసరి. 1830–31లో చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్లి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ ఊరి పేరు, దిగిన చోటు, దొరికే సరుకులు రాస్తూ పోయారు కాబట్టే ఆనాటి దారులు నేటికీ మనకు తెలుస్తున్నాయి. మీరు కూడా బస్సు ఎక్కడ మారారో, మధ్యాహ్నం ఏం తిన్నారో వదిలిపెట్టకండి.

కొన్ని రోజుల తరువాత ఆ రాతను మళ్లీ తీసి, ‘అద్భుతం’, ‘మనోహరం’ అన్న మాటలు ఎక్కడ ఉంటే అక్కడ కొట్టివేసి, ఆ చోట మీరు నిజంగా ఏం చూశారో రాయండి. పేర్లనూ సంవత్సరాలనూ పుస్తకాలతో సరిచూసుకోవలసినది అప్పుడే.