హెర్మిట్ పీత నీరసించిందా? ముందు తేమ చూడండి

ఖాళీ నత్త గుల్లలో తలదాచుకునే హెర్మిట్ పీతను ఇంట్లో తొట్టెలో పెంచుతుంటే, వరంగల్, కరీంనగర్ వైపు వేసవి పొడిగాలి దానికి ప్రాణాంతకం. నేల మీద తిరిగే జీవే అయినా అది ఊపిరి తీసుకునేది మొప్పలతోనే. అవి ఎండితే నెమ్మదిగా ఊపిరాడక చనిపోతుంది. అందుకే పీత మందగించి తిండి మానేస్తే మందుల కోసం వెతకకండి. తొట్టెకు జాలీ మూత ఉంటే గాజు పలక కప్పి, లోపల తేమ 80 శాతం దగ్గర, వేడి 24 నుంచి 29 డిగ్రీల మధ్య ఉండేలా చూడండి. ఏసీ గదిలో గాలి మరింత పొడిబారుతుంది, జాగ్రత్త.

కాలు ఊడినా బెంగపడకండి, కుబుసం విడిచినప్పుడు మళ్లీ మొలుస్తుంది. కానీ బలహీనపడిన దాన్ని తోటి పీతలు తినేయగలవు, వెంటనే వేరు చేయండి. పీత మునిగేంత లోతుగా తడి ఇసుక, చీకటి, పక్కనే కాస్త పెద్దవైన రెండు మూడు ఖాళీ నత్త గుల్లలు ఉంటే చాలు. మంచినీళ్లు, ఉప్పునీళ్లు రెండూ పెట్టాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ పోయేందుకు అక్వేరియం దుకాణంలో చుక్కల మందు దొరుకుతుంది. వంటింటి అయోడిన్ ఉప్పు వద్దు, సముద్రపు అక్వేరియం ఉప్పే వాడండి. తిండికి ఉప్పు లేని ఉడికించిన గుడ్డు, గుడ్డు పెంకు పొడి మంచివి.

దయచేసి పీతను గుల్లలోంచి లాగకండి, పొట్ట చిరిగిపోతుంది. ఇసుకలో దూరి వారాల తరబడి కదలకపోయినా తవ్వకండి, కుబుసం విడుస్తూ ఉండవచ్చు. కుళ్లిన చేప వాసన వస్తేనే చనిపోయిందని అనుకోవాలి.