బుల్లి ఆవిరి ఇంజన్: బెజ్జాలు కొలవకండి, ఇంజన్ చేతే గీయించండి

"ఇంజన్ చేశానండి, తిరగడం లేదు" అంటూ వచ్చేవాళ్లను నేను ముందుగా అడిగేది ఒక్కటే. ఆవిరి బెజ్జాలు ఎలా గుర్తు పెట్టారు? "డ్రాయింగ్ చూసి, స్కేలు పెట్టి" అంటారు. ఇక విప్పి చూడక్కర్లేదు. పిస్టన్ అద్దంలా మెరుస్తుంటుంది, ఫ్లైవీల్‌కి (ఇంజన్ తిప్పే బరువు చక్రానికి) ఎర్ర రంగు కూడా వేసుంటారు. బెజ్జాలు మాత్రం అర మిల్లీమీటరు పక్కకి పోయుంటాయి. ఆ అర మిల్లీమీటరే ఇంజన్‌ని అల్మరాలో బొమ్మగా కూర్చోబెడుతుంది.

ఇక్కడ చెప్పేది ఊగే సిలిండర్ ఇంజన్ గురించి. తయారుచేసేవాళ్లు దీన్ని వాబ్లర్ అంటారు. మామూలు ఇంజన్‌లో సిలిండర్ కదలదు, ఆవిరిని లోపలికీ బయటికీ పంపడానికి విడిగా వాల్వు, దాన్ని కదిపే కడ్డీలు కావాలి. ఇందులో సిలిండరే ఒక ఇరుసు మీద ఊయలలా ఊగుతుంది. సిలిండర్ పక్క గోడకి ఒక బెజ్జం, దాని వెనకున్న ఫ్రేము పలకకి రెండు బెజ్జాలు. సిలిండర్ ఒక పక్కకి ఊగినప్పుడు దాని బెజ్జం ఆవిరి వచ్చే బెజ్జంతో కలుస్తుంది, రెండో పక్కకి ఊగినప్పుడు బయటికి పోయే బెజ్జంతో కలుస్తుంది. మధ్యలో ఉన్నప్పుడు రెండూ మూసుకోవాలి. అంతే యంత్రం.

బొమ్మల ఇంజనే కదా అని తీసిపారేయకండి. 1858లో నీళ్లలోకి దిగిన గ్రేట్ ఈస్టర్న్ ఓడ తెడ్డు చక్రాలను తిప్పింది ఊగే సిలిండర్లే. ఒక్కో సిలిండర్ అడ్డుకొలత 74 అంగుళాలు. 1870లో బొంబాయి నుంచి ఏడెన్‌కి సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగ పరిచిన ఓడ కూడా అదే. ఆ ఇంజన్లలో ఆవిరి ఇరుసు గుండా వచ్చేది, వాల్వులు విడిగా ఉండేవి. ఊగడం మాత్రం ఇదే ఊగడం.

సామాను

20 మి.మీ. చదరపు ఇత్తడి కడ్డీ చిన్న ముక్క, 6 మి.మీ. మందం ఇత్తడి పలక, 5 మి.మీ. సిల్వర్ స్టీల్ (వెండి కాదు, నునుపుగా సానబట్టిన ఉక్కు) కడ్డీ, 3 మి.మీ. మందం స్టీల్ పట్టీ, సన్న రాగి గొట్టం, ఫ్లైవీల్‌కి 50 మి.మీ. గుండ్రటి ముక్క. మాకు విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇత్తడి తూకానికి దొరుకుతుంది. మీ ఊళ్లో స్క్రాప్ కొట్టు ఉంటే అక్కడా దొరుకుతుంది. పనిముట్లకి స్టాండు డ్రిల్లు, వెర్నియర్, 10 మి.మీ. రీమర్ (బెజ్జాన్ని నునుపు చేసి సరైన కొలతకి తెచ్చేది), ఎం4 ట్యాపు (బెజ్జంలో 4 మి.మీ. మర కోసేది) చాలు. లేత్ ఉంటే మహారాజు పని, లేకపోతే సిలిండర్, పిస్టన్, ఫ్లైవీల్ బయట తిప్పించుకోండి. చేతి డ్రిల్లుతో మాత్రం మొదలుపెట్టకండి. నా మొదటి ఇంజన్ అలాగే చేశాను. ఇరుసు బెజ్జం కంటికి తెలియనంత వాలింది. నాలుగు ఆదివారాలు సిలిండర్ ముఖాన్ని రుద్దీ రుద్దీ చివరికి పాత ఇత్తడిలో పడేశాను.

కొలతలు నావి చెప్తున్నాను, మార్చకండి. సిలిండర్ బోరు (లోపలి బెజ్జం) 10, స్ట్రోకు (పిస్టన్ పరుగు) 16. అంటే క్రాంక్ (పిస్టన్ కడ్డీ తిప్పే బిళ్ల) మధ్య నుంచి దాని పిన్ను 8 మి.మీ. దూరంలో ఉంటుంది. ఇరుసు నుంచి క్రాంక్ మధ్యకి 50. ఇరుసు నుంచి ఆవిరి బెజ్జానికి, పై వైపు, 16.

సులువైన పనులు

సిలిండర్ ముక్కని 30 మి.మీ. పొడవుకి కోసి నిలువునా 9.8తో బెజ్జం వేయండి. రీమర్ ఇప్పుడే పెట్టకండి, కారణం తర్వాత చెప్తాను. మామూలు డ్రిల్ బిట్టు ఇత్తడిని పట్టి లాగేస్తుంది, ముక్కని చేతిలోంచి ఎగరగొడుతుంది. బిట్టు కోసే అంచుని సాన రాయి మీద రెండుసార్లు రుద్ది ఆ పదును చంపేయండి, బుద్ధిగా దిగుతుంది.

బోరు బయట చేయిస్తే తీసుకునే ముందు అక్కడే కొలవండి. ఒకసారి నాకు పైన 10, కింద 10.15 వచ్చింది. "పదే ఉంది కదా సార్" అన్నాడతను, పై వైపు వెర్నియర్ పెట్టి చూపిస్తూ.

పిస్టన్ 8 మి.మీ. పొడవు, మధ్యలో నూనె నిలవడానికి రెండు సన్న గాళ్లు. రింగులు అక్కర్లేదు. ఈ సైజుకి రబ్బరు ఓ-రింగు వేసేవాళ్లున్నారు, వేడికి అది పట్టేస్తుంది, నేను వేయను. క్రాంక్ బిళ్ల 25 మి.మీ., దానికి 3 మి.మీ. పిన్ను. ఫ్లైవీల్ బరువుగా ఉండాలి. వీటికి ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

సిలిండర్‌కి ఒక పక్క ముఖాన్ని చదును చేయండి. కిటికీ అద్దం ముక్క మీద 400 ఎమరీ పేపరు తడిపి పరిచి ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి, తర్వాత 1000. ముందు మార్కర్ పెన్నుతో ముఖమంతా నీలం పూయండి. ఆ నీలం అంతా ఒకేసారి పోతే చదునైనట్టు. ఫ్రేము ముఖానికీ ఇదే పని. ఇరుసు చుట్టూ రూపాయి బిళ్లకన్నా చిన్న గుంట, కాగితమంత లోతున, తీసి వదిలితే సిలిండర్ మధ్యలో ఆని అటూ ఇటూ దొర్లదు. చాలా డ్రాయింగుల్లో ఈ గుంట ఉండదు. ఉండి తీరాలి.

ఇరుసు బెజ్జం ఆ ముఖానికి సరిగ్గా లంబంగా, సిలిండర్ కింది అంచు నుంచి 9 మి.మీ. పైన, అడ్డంగా మధ్యలో. గోడ మందం 5 మి.మీ., బెజ్జం లోతు 4 దాటితే బోరులోకి పొడుచుకుపోతుంది. డ్రిల్ బిట్టుకి 4 దగ్గర టేపు చుట్టుకోండి. ఎం4 ట్యాపు సగం తిప్పు ముందుకి, పావు తిప్పు వెనక్కి. ట్యాపు విరిగితే ఆ సిలిండర్ పోయినట్టే, విరిగిన ముక్క తీసే మంత్రం నా దగ్గర లేదు.

అసలు పని: మూడు బెజ్జాలు

ఇక్కడ టీ తాగి, ఫోను పక్కగదిలో పెట్టి రండి.

లెక్క ముందు చూద్దాం. క్రాంక్ 8, దూరం 50. సిలిండర్ అటూ ఇటూ ఊగేది 9.2 డిగ్రీలు. ఇరుసుకి 16 మి.మీ. పైనున్న బెజ్జం అప్పుడు పక్కకి జరిగేది 2.56 మి.మీ. మాత్రమే. మధ్య స్థానంలో రెండూ మూసుకోవాలంటే బెజ్జం 2.5 దాటకూడదు. నేను 2.3 వేస్తాను, అంచున పావు మిల్లీమీటరు మూత మిగులుతుంది. ఇంత చిన్న చోట స్కేలుతో అర మిల్లీమీటరు తప్పితే మొత్తం జరుగుడులో అయిదో వంతు తప్పినట్టు. ఒక వైపు బెజ్జం మధ్య స్థానంలో కూడా మూసుకోదు, ఇంకో వైపు బెజ్జం పూర్తిగా తెరుచుకోదు. ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పితే బుస్సుమంటుంది, వదిలితే ఆగిపోతుంది. మీ దగ్గరున్నది ఈ ఇంజనే అయితే, జబ్బు ఇదే.

వెర్నియర్‌తో కొలిస్తే సరిపోదా? సరిపోదు. ఎందుకంటే మీ 50 నిజంగా 50 కాదు, 49.7. మీ 8 కూడా 8 కాదు, 8.1. డ్రాయింగులోని 2.56 ఆ డ్రాయింగు ఇంజన్‌ది, మీది కాదు. మీ ఇంజన్ ఎంత ఊగుతుందో దానికే తెలుసు. అందుకని దాన్నే గీయనివ్వండి.

3 మి.మీ. స్టీల్ పట్టీ 85 మి.మీ. పొడవు తీసుకోండి. నిడివికి మధ్యగీత గీయండి. ఒక కొసకి దగ్గరగా ఆ గీత మీద 2.3 బెజ్జం, దానికి 16 మి.మీ. దూరంలో 4 మి.మీ. బెజ్జం. ఇంకో కొస వైపు, 4 మి.మీ. బెజ్జం నుంచి లెక్కిస్తే 40 దగ్గర మొదలై 60 దాకా, 3 మి.మీ. వెడల్పు గాడి. గాడిలో క్రాంక్ పిన్ను జారాలి కానీ ఆడకూడదు. వదులైతే పట్టీ తక్కువ ఊగుతుంది, మీ కష్టమంతా వృథా. సన్న ఆకురాయితో, పిన్ను పెట్టి చూసుకుంటూ, మెల్లగా రాయండి. ఈ పట్టీ ఒక్కటే మీ గంట తినేస్తుంది. తిననివ్వండి.

ఇప్పుడు ఫ్రేముకి క్రాంక్ బిగించి, సిలిండర్ బదులు ఈ పట్టీని ఇరుసు బెజ్జంలో 4 మి.మీ. పిన్నుతో తగిలించండి, గాడిలో క్రాంక్ పిన్ను కూర్చోబెట్టండి. క్రాంక్ మెల్లగా తిప్పండి. కింది కొస ఎడమకి పోతుంటే పై కొస కుడికి పోతుంది. పోయి పోయి ఒకచోట ఆగి వెనక్కి మళ్లుతుంది. ఆ మళ్లే చోటే కావాలి. అది క్రాంక్ 90 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు అనుకుంటారు అందరూ. కాదు, ఇరుసు వైపు నుంచి లెక్కిస్తే దాదాపు 81 దగ్గర. కోణం కొలవకండి, పట్టీ మళ్లే చోటు చూడండి చాలు. ఈ పద్ధతిలో నాకు నచ్చేది కూడా అదే: మళ్లే చోట పట్టీ దాదాపు కదలదు. క్రాంక్ 5 డిగ్రీలు అటూ ఇటూ అయినా బెజ్జం దగ్గర తేడా 0.01 మి.మీ. మీ చెయ్యి వణికినా క్షమిస్తుంది. స్కేలు క్షమించదు.

మళ్లే చోట పట్టీని చిన్న క్లాంపుతో ఫ్రేముకి బిగించి, పట్టీలోని 2.3 బెజ్జం గుండానే డ్రిల్ బిట్టు దింపి ఒక మిల్లీమీటరు లోతు మాత్రం గుర్తు వేయండి. క్లాంపు తీసి రెండో వైపు కూడా అంతే. పట్టీ తీసేశాక రెండు గుర్తుల మధ్య దూరం కొలిస్తే 5.1 చుట్టుపక్కల ఉంటుంది. 5.3 వచ్చినా కంగారు పడకండి, అది మీ ఇంజన్ నిజం. 4.5 వస్తే గాడి వదులుగా ఉందని అర్థం, పట్టీ మళ్లీ చేయండి. అన్నీ బాగుంటే ఫ్రేముని స్టాండు డ్రిల్లు కింద పెట్టి రెండు బెజ్జాలూ ఇవతలి నుంచి అవతలికి వేసేయండి.

సిలిండర్ బెజ్జం ఇంకా మిగిలింది. దీన్నీ కొలవం. సిలిండర్ ముఖానికి మళ్లీ నీలం పూసి, ఇప్పుడున్న 9.8 బోరులో జారే తాత్కాలిక పిస్టన్‌తో సహా ఫ్రేము మీద తగిలించండి. క్రాంక్ తిప్పి ఒక చివరకి ఊగనిచ్చి, ఫ్రేము వెనక నుంచి, ఆ చివర పనిచేసే బెజ్జంలో డ్రిల్ బిట్టుని వేళ్లతో పట్టుకుని రెండుసార్లు మెలిపెట్టండి. నీలంలో చిన్న చుక్క పడుతుంది. రెండో చివరకి తిప్పి రెండో బెజ్జంలోంచి కూడా అంతే చేయండి. సిలిండర్ తీసి భూతద్దంతో చూడండి. రెండు చుక్కలూ ఒకటే అయిపోతే మీ పని దివ్యం, అక్కడే డ్రిల్లు పెట్టండి. జంట చుక్కలు కనిపిస్తే ఇరుసు కాస్త పక్కకి పడిందన్న మాట. రెంటికీ మధ్యలో పంచ్ కొట్టండి. మూడు పావుల మిల్లీమీటరు కన్నా ఎడంగా ఉంటే మాత్రం కొత్త సిలిండర్ ముక్క కోసుకోండి, సర్దుబాట్లకి లొంగదు.

ఈ బెజ్జం బోరులోకి దిగే చోట లోపల సన్నటి ముల్లు లేస్తుంది. పిస్టన్‌ని గీరి నాశనం చేసేది అదే. రీమర్ ఆఖరికి దాచమన్నది ఇందుకే. ఇప్పుడు 10 రీమర్‌ని నూనెతో, ఒకే దిశలో తిప్పుతూ దింపి, తీసేటప్పుడు కూడా అదే దిశలో తిప్పుతూ తీయండి. ముల్లు పోతుంది, బోరు కొలతకి వస్తుంది. పిస్టన్ ఈ బోరుకి తగ్గట్టు ఆఖర్లో రుద్ది సరిచేసుకోండి. ఇక పై మూతకి టంకం పెట్టేయొచ్చు.

బిగింపు

ఇరుసు వెనక బాల్‌పెన్ స్ప్రింగు, దానిమీద నట్టు. నట్టు ఎక్కువ బిగిస్తే సిలిండర్ బిగుసుకుపోతుంది, తక్కువైతే ఆవిరి కారుతుంది. నోటితో పరీక్షించండి: సిలిండర్‌ని మధ్యలో నిలబెట్టి ఆవిరి గొట్టాన్ని నాలుకకి ఆనించి పీల్చితే గొట్టం నాలుకకి అతుక్కుని నిలవాలి. వెంటనే వదిలేస్తే ముఖాలు చదును కాలేదు. మళ్లీ అద్దం దగ్గరికి.

మొదటి పరుగు గాలితోనే. పిల్లల నెబ్యులైజర్ పంపు నాకు బాగా పనికొచ్చింది. ఫ్లైవీల్‌కి ఒక్క తోపు ఇస్తే చాలు. అరగంట నూనెతో తిరగనివ్వండి, బెజ్జాల చుట్టూ నల్లటి మడ్డి వస్తుంది, తుడిచి మళ్లీ తిప్పండి.

బాయిలర్ సంగతి ఇక్కడ చెప్పను, అది విడిగా రాయాల్సిన పని. పాత డబ్బాకి మామూలు టంకం పెట్టి బాయిలర్ అనేవాళ్లకి మాత్రం ఒక్క మాట. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది. నీళ్లు అయిపోయి మంట మిగిలితే ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. రాగి గొట్టం, వెండి టంకం, సేఫ్టీ వాల్వు, పని ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడిలో చల్లటి నీళ్లతో పరీక్ష. ఈ నాల్గింటిలో ఒక్కటి లేకపోయినా స్టవ్ వెలిగించకండి. జాతరలో కొన్న టపటపల రేకు పడవ కాదిది.

ఆవిరి పెట్టిన మొదటి నిమిషం ఇంజన్ తిరగదు, వేడి నీళ్లు ఉమ్ముతుంది. సిలిండర్ చల్లగా ఉండి ఆవిరి లోపలే నీరైపోతుంది. ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పుతూ ఉండండి, మొహం దూరంగా పెట్టండి. వేడెక్కాక దానంతటదే అందుకుంటుంది. అనుకున్న వైపు కాకుండా ఎదురు తిరుగుతుంటే ఏదో తప్పు చేశామని విప్పకండి. వెనకున్న రెండు గొట్టాలూ అటుదిటు మార్చండి.