సభల్లో, వేడుకల్లో వికలాంగులకు నిజమైన భాగస్వామ్యం కల్పించడం ఎలా

ఒక సభకు వికలాంగులు రాకపోతే వారికి ఆసక్తి లేదని నిర్వాహకులు భావించడం పరిపాటి. చాలా సందర్భాల్లో అసలు కారణం వేరు: సభాస్థలం ఎంపిక, ఆహ్వానం తీరు, కార్యక్రమ క్రమం వంటి నిర్ణయాలన్నీ వారు లేని గదిలో ముందే జరిగిపోయి ఉంటాయి. ఆ తరువాత ఎంత సదుద్దేశంతో సర్దుబాట్లు చేసినా అవి అతుకులుగానే మిగులుతాయి. అందుకే ర్యాంపుల గురించి ఆలోచించే ముందు నిర్వాహక సంఘం గురించి ఆలోచించాలి.

‘మేము లేకుండా మా గురించి ఏ నిర్ణయమూ వద్దు’ అన్నది వికలాంగుల హక్కుల ఉద్యమాలు ప్రపంచమంతటా వినిపించిన నినాదం. దీన్ని ఆచరణలో పెట్టాలంటే మొదటి సమావేశానికే కనీసం ఇద్దరు ముగ్గురు వికలాంగులను సభ్యులుగా పిలవాలి. ఇతర సభ్యులకు ఉన్న ఓటు, ఇతరులకు ఇస్తే గౌరవ వేతనం, వారికీ ఉండాలి. ఒక్కరితో సరిపెట్టకూడదు, ఎందుకంటే ఒకరి అవసరం మరొకరికి ఇబ్బంది కావచ్చు. కాలిబాట అంచును పూర్తిగా చదును చేస్తే చక్రాల కుర్చీకి ప్రయాణం సులువవుతుంది; కానీ చేతికర్రతో ఆ అంచును తడిమి దారి పోల్చుకునే అంధులకు రోడ్డు ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది. ఇటువంటి చిక్కులు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకున్నప్పుడే తేలుతాయి. సమావేశపు పత్రాలను ముందుగానే పంపాలి, అదీ స్కాన్ చేసిన బొమ్మల రూపంలో కాకుండా, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవగలిగే పాఠ్యరూపంలో పంపాలి.

‘మా ప్రాంతంలో అటువంటివారు పెద్దగా లేరు’ అనే మాట ఈ దశలో తప్పక వినిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన అంచనా ప్రకారం చెప్పుకోదగ్గ వైకల్యంతో జీవిస్తున్నవారు సుమారు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. వారిలో చాలామంది వైకల్యం చూడగానే తెలిసేది కాదు.

సభాస్థలాన్ని ఎంచుకునేటప్పుడు యజమాని మాట మీద ఆధారపడకుండా, చక్రాల కుర్చీ వాడే సభ్యుడితో, చూపులేని సభ్యుడితో కలిసి స్వయంగా వెళ్లి, వాహనం ఆగే చోటు నుంచి కూర్చునే చోటు దాకా, అక్కడి నుంచి మరుగుదొడ్డికి, చివరగా వేదిక పైకి నడిచి చూడాలి. వెంట కొలత టేపు ఉండాలి. ర్యాంపు వాలుకు ఎక్కువగా పాటించే ప్రమాణం 1:12, అంటే ప్రతి 10 సెంటీమీటర్ల ఎత్తుకు కనీసం 120 సెంటీమీటర్ల పొడవు. మెట్ల మీద వాల్చిన చెక్క పలకను ర్యాంపు అనడానికి వీల్లేదు, అది ప్రమాదం. చక్రాల కుర్చీ పూర్తిగా తిరగడానికి సుమారు 150 సెంటీమీటర్ల వ్యాసం గల ఖాళీ కావాలి. మరుగుదొడ్డిలో పట్టుకునే కడ్డీలు ఉన్నాయా, తలుపు బయటికి తెరుచుకుంటుందా, ఆ గదిని సామాన్లు దాచడానికి వాడుతున్నారా అన్నవి కళ్లారా చూడాలి.

అన్నిటికంటే ఎక్కువగా మరచిపోయేది వక్తలు కూర్చునే వేదికనే. ప్రవేశద్వారం దగ్గర చక్కని ర్యాంపు ఉండి, వేదిక ఎక్కడానికి మాత్రం మెట్లు తప్ప మరో దారి లేని సభాభవనాలు ఎన్నో ఉన్నాయి. వికలాంగులు ప్రేక్షకులుగా వస్తారే తప్ప వక్తలుగా, అధ్యక్షులుగా రారని ఆ కట్టడమే నిర్ణయించేసినట్లు లెక్క. వేదికకు ర్యాంపు వేయడం సాధ్యం కానప్పుడు వక్తలందరినీ నేల మీదికి దించి అక్కడి నుంచే సభ నడపడం మంచిది. ఒక్కరిని కింద ఉంచి మిగిలినవారు పైన కూర్చోవడం అవమానకరం. అలాగే చక్రాల కుర్చీల కోసం ఖాళీలను వెనుక మూలన ఒకచోట కాకుండా వరుసల మధ్య అక్కడక్కడా వదలాలి. స్నేహితుల పక్కన కూర్చునే అవకాశం అందరిలాగే వారికీ ఉండాలి.

ఆహ్వానంలో ‘మీకున్న వైకల్యం ఏమిటి’ అని అడగకూడదు. ‘మీరు పాల్గొనడానికి ఏ ఏర్పాట్లు కావాలి’ అని అడగాలి. జవాబివ్వడానికి ఫోన్ నంబరుతో పాటు సందేశం పంపే మార్గమూ ఉండాలి, ఎందుకంటే బధిరులు ఫోన్‌లో మాట్లాడలేరు, కొందరు రాయలేరు. ఉన్న సౌకర్యాలతో పాటు లేనివాటినీ దాచకుండా రాయాలి: ‘ద్వారం దగ్గర 15 సెంటీమీటర్ల మెట్టు ఒకటి ఉంది’ అన్న వాక్యం ‘అన్ని సౌకర్యాలూ కలవు’ అన్న హామీ కంటే ఎంతో ఉపయోగపడుతుంది. ఆహ్వానం బొమ్మ రూపంలో ఉంటే దాని కిందే వివరాలన్నీ అక్షరాల్లో ఇవ్వాలి.

భాష, వినికిడికి సంబంధించిన ఏర్పాట్లకు ఎక్కువ వ్యవధి కావాలి. సంజ్ఞా భాష ప్రపంచమంతటా ఒకటి కాదు. వచ్చేవారు ఏ సంజ్ఞా భాష వాడతారో ముందే తెలుసుకోవాలి. సంజ్ఞా భాషలోకి అనువదించడం తీవ్రమైన ఏకాగ్రత కోరే పని కనుక సుదీర్ఘ సభకు కనీసం ఇద్దరు అనువాదకులను పిలవాలి. వారు 20, 30 నిమిషాలకు ఒకసారి మారుతూ పనిచేస్తారు. ప్రసంగ పాఠాలు, పేర్లు, పాటల సాహిత్యం వారికి ముందుగా అందజేయాలి, వారి ముఖం మీద, చేతుల మీద వెలుతురు పడేలా చూడాలి. పెద్ద వయసులో వినికిడి తగ్గినవారిలో చాలామందికి సంజ్ఞా భాష రాదు. వారికి తెర మీద కనిపించే పాఠ్యం గానీ, వినికిడి యంత్రానికి నేరుగా ధ్వనిని చేర్చే లూప్ వ్యవస్థ గానీ కావాలి. ‘నా గొంతు అందరికీ వినబడుతుంది’ అంటూ మైకును పక్కన పెట్టే వక్తలకు ఒక విషయం ముందే చెప్పాలి: లూప్ ద్వారా చేరేది మైకులో పడిన మాట మాత్రమే. ప్రశ్నలు అడిగేవారికి కూడా మైకు అందించాలి. తెర మీద బొమ్మ చూపినప్పుడు అందులో ఏముందో వక్త మాటల్లో చెప్పాలి.

మేధో వైకల్యం, ఆటిజం, మూర్ఛ ఉన్నవారి గురించి ఆలోచించే సంఘాలు తక్కువ. కానీ ఈ ఏర్పాట్లకు అయ్యే ఖర్చు స్వల్పం. కార్యక్రమ క్రమాన్ని చిన్న వాక్యాల్లో, బొమ్మలతో ముందే ఇవ్వాలి, దాన్ని చివరి నిమిషంలో మార్చకూడదు. శబ్దం భరించలేనప్పుడు కాసేపు కూర్చోవడానికి ఒక ప్రశాంతమైన గది కేటాయించాలి. వేగంగా మిణుకుమనే దీపాలు కొందరిలో మూర్ఛను ప్రేరేపిస్తాయి కాబట్టి వాటిని వాడకూడదు.

కార్యకర్తలకు నేర్పవలసింది ప్రధానంగా ఒక్కటే: సాయం చేసే ముందు అడగాలి, వద్దంటే ఆగాలి. అనుమతి లేకుండా చక్రాల కుర్చీని తాకకూడదు. చూపులేనివారి చేయి పట్టి లాగకుండా తమ మోచేతిని అందించాలి, వారే పట్టుకుని వెంట నడుస్తారు. ప్రశ్నను తోడుగా వచ్చినవారికో, అనువాదకునికో కాకుండా ఆ వ్యక్తికే వేయాలి.

సభాస్థలం యజమానులు గానీ, సంఘంలోని పెద్దలు గానీ అంగీకరించనప్పుడు, ‘సౌకర్యాలు కల్పించండి’ అన్న సాధారణ వినతి పెద్దగా పనిచేయదు. ‘ముందు మెట్ల మొత్తం ఎత్తు 45 సెంటీమీటర్లు, దీనికి 5.4 మీటర్ల ర్యాంపు కావాలి. కుడివైపు అంత స్థలం ఉంది’ అని కొలతలతో, ఛాయాచిత్రాలతో, కోరే గడువుతో రాసి ఇస్తే దాన్ని తోసిపుచ్చడం కష్టం. 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణం సాంస్కృతిక జీవితంలో, వినోదంలో, క్రీడల్లో పాల్గొనే హక్కును గుర్తించింది; అలవికాని భారం మోపని సహేతుకమైన సర్దుబాటును నిరాకరించడం వివక్షేనని అదే ఒడంబడిక 2వ అధికరణం చెబుతోంది. లేఖలో ఈ రెండింటినీ ఉదహరించాలి. ఖర్చు గురించిన వాదన రాకుండా, ఈ ఏర్పాట్లకు బడ్జెట్‌లో మొదటి రోజే ఒక పద్దు పెట్టాలి. మిగిలితే చూద్దామనుకున్న పనికి డబ్బు మిగలదు.

సభ ముగిశాక వచ్చినవారిని మాత్రమే అడిగితే సగమే తెలుస్తుంది. నమోదు చేసుకుని రానివారికి, మధ్యలో వెళ్లిపోయినవారికి ఫోన్ చేసో, సందేశం పంపో కారణం కనుక్కోవాలి. ఆ జవాబులను, సభాస్థలం కొలతలను, అనువాదకుల వివరాలను, అయిన ఖర్చును ఒకే పత్రంగా రాసి తరువాతి నిర్వాహక సంఘానికి అప్పగించాలి.